అమ్మవారు పోసిందంటే...

దేవతకూ, జబ్బుకూ, పండుగకూ ఒకటే పేరు. ఖరగ్‌పూర్‌ తెలుగు వాడల్లో ఆ పేరు మరో రెండు భాషలతో ఇరుగుపొరుగుగా బతుకుతోంది. మశూచి భూమ్మీద నుంచి పోయి నాలుగున్నర దశాబ్దాలు దాటింది. దాని పేరు మాత్రం ఇంకా ఇళ్లలోనే ఉంది.

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌. అందులో ఝపటాపూర్‌ లాంటి వాడల్లో ఏ ఇంటి గుమ్మానికైనా వేపమండ కట్టి కనిపిస్తే సంగతేమిటని ఎవరూ అడగరు. తెలుగు ఇల్లయితే లోపల పిల్లాడికి 'అమ్మవారు పోసింది'. పక్కింటి బెంగాలీకి అది 'మాయేర్‌ దయా', అంటే అమ్మ దయ. హిందీ మాట్లాడే ఎదురింటివాళ్లకు 'మాతా'. వీధి చివర మందుల దుకాణంలో దాని పేరు పాక్స్‌. పేర్లు నాలుగైనా పొక్కులు అవే. వేపమండ చెప్పేదీ అందరికీ ఒకేలా అర్థమవుతుంది: ప్రస్తుతానికి ఈ గడప తొక్కవద్దు.

తెలుగులో అమ్మవారు అన్న మాట ఎంత బరువు మోస్తుందో తెలుగువాళ్లే గమనించరు. బెజవాడ కొండ మీద కనకదుర్గ అమ్మవారు. ఊరి పొలిమేరలో పసుపు పూసిన రాయి కూడా అమ్మవారే. జాతరలో నెత్తిన పెట్టుకుని తిప్పే ఘటం అమ్మవారు. ఆ ఘటం ముందు జుట్టు విరబోసుకుని ఊగే మనిషి ఆ కాసేపటికి అమ్మవారు. ఒంటి నిండా నీటి పొక్కులు, జ్వరంతో పడుకున్న ఆరేళ్ల పిల్లాడి జబ్బూ అమ్మవారే. ఇంత గందరగోళంలోనూ మాట్లాడేవాళ్లు ఎక్కడా తడబడరు. 'పిల్ల మీదికి అమ్మవారు వచ్చింది' అంటే పూనకం. 'పిల్లకి అమ్మవారు వచ్చింది' అంటే జబ్బు. 'వీధిలోకి అమ్మవారు వచ్చింది' అంటే ఊరేగింపు. ఒక్క విభక్తి మారితే చాలు, మనిషి పరుగెత్తాల్సింది హారతి పళ్లెం కోసమో వైద్యుడి కోసమో తేలిపోతుంది.

ఈ మాట ఖరగ్‌పూర్‌కు రైలెక్కి వచ్చింది. బెంగాల్‌ నాగ్‌పూర్‌ రైల్వే 1887లో ఏర్పడింది. 1890ల్లో విజయనగరం, కటక్‌ల మీదుగా తూర్పు తీరం రైలు మార్గం పడింది. ఆ మార్గంలో ఉత్తర భాగం 1902లో బీఎన్‌ఆర్‌ చేతికొచ్చింది. ఖరగ్‌పూర్‌లో భారీ వర్క్‌షాప్‌ వెలిసింది కూడా ఆ రోజుల్లోనే. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి జనం ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుల్లో కూలీలుగా తరలివచ్చారు. (వి.వి. గిరి కార్మిక నాయకుడిగా పేరు తెచ్చుకున్నది ఈ రైల్వే కార్మికుల సంఘంలోనే. 1927 నాటి ఖరగ్‌పూర్‌ సమ్మె ప్రస్తావన లేకుండా ఆయన కథ చెప్పడం కష్టం.) వచ్చినవాళ్లు తమతోపాటు తెచ్చుకున్న సామానులో ఊరి దేవతలూ ఉన్నారు. ఉత్తరాంధ్రలో పైడితల్లి, నూకాలమ్మ, పోలమ్మ, మరిడమ్మ అని వేర్వేరు పేర్లతో వేర్వేరు గుళ్లలో ఉండే తల్లులకు ఇక్కడ అందరికీ అర్థమయ్యే ఉమ్మడి పేరొకటి దొరికింది: మాత. చలి తగ్గి ఎండలు ముదిరే రోజుల్లో డప్పులు, పసుపు నీళ్లు, వేపమండలు, నెత్తిన ఘటాలతో జరిగే 'మాతా పూజ' ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ల పండుగగానే పేరుపడింది. ఇంట్లో అమ్మోరు, వీధిలో మాత. వలస వెళ్లిన దేవతకు కూడా రెండు పేర్లు తప్పవు కాబోలు.

ఆ తల్లుల్లో చాలామందికి జబ్బుతో చుట్టరికం ఉంది. విజయనగరం పైడితల్లి కథే తీసుకోండి. 1757లో బొబ్బిలి యుద్ధానికి విజయరామరాజు బయల్దేరే నాటికి ఆయన ఇంట్లో మశూచి ఉందనీ, చెల్లెలు పైడిమాంబ కూడా ఆ జబ్బుతోనే ఉందనీ కథ చెబుతారు. అన్న ప్రాణానికి ముప్పని ఆమెకు తెలుస్తుంది. కబురు పంపేలోపే తాండ్ర పాపారాయుడి చేతిలో ఆయన హతమవుతాడు. ఆమె పెద్ద చెరువులో దేవతగా వెలుస్తుంది. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరిగే సిరిమానోత్సవం ఆమెదే. ఇందులో చరిత్ర ఎంత, జానపదం ఎంత అన్నది వేరే చర్చ. ఇక్కడ ఆసక్తి కలిగించేది ఏమిటంటే, జబ్బు పడ్డ మనిషే జబ్బు తగ్గించే దేవత అయింది. పైడి అంటే బంగారం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన రైల్వే కుటుంబాల్లో పైడిరాజులు, పైడయ్యలు, పైడితల్లులు ఎందుకంత మంది అంటే జవాబు ఈ చెరువు గట్టునే ఉంది.

పేరు సరే, ఆ పేరు వెంట వచ్చే క్రియను చూడండి. అమ్మవారు 'పోసింది' అంటారు. వాన కుండపోతగా పోసినట్టు, బిందెతో నీళ్లు పోసినట్టు. జబ్బు తగ్గాక వేపాకు, పసుపు కలిపిన నీళ్లతో చేయించే స్నానాన్నీ 'నీళ్లు పోయడం' అనే అంటారు. రావడానికీ పోవడానికీ ఒకటే క్రియ. ఒంటి మీద తేలిన పొక్కులు ముత్యాలు. అందుకే ముత్యాలమ్మ. తమిళులు ఇంకో అడుగు ముందుకేసి జబ్బును నేరుగా 'అమ్మై' అన్నారు. వాళ్ల మారియమ్మలోని 'మారి'కి తమిళంలో వాన అని అర్థం. సంస్కృతంలో అదే మాటకు అర్థం చావు తెచ్చే అంటురోగం. ఒకే దేవత పేరులో ఒక భాష వానను, మరో భాష మరణాన్ని విన్నాయి. ఇది కేవలం పదాల చమత్కారం కాదు. మన దేశంలో మశూచి ఫిబ్రవరి నుంచి మే దాకా పొడి గాలుల కాలంలో విజృంభించి, తొలకరి పడగానే తగ్గుముఖం పట్టేది. వాన కోసం ఎదురుచూసేవాళ్లు జబ్బు తగ్గడం కోసం కూడా ఎదురుచూసేవారు.

ఈ కాలజ్ఞానాన్ని బెంగాలీ మరీ సూటిగా పట్టుకుంది. బెంగాలీలో మశూచి పేరు 'బసంత'. అంటే వసంతం. పురాణాల్లో మన్మథుడి చెలికాడు, పంచాంగంలో చైత్ర వైశాఖాలు, కవిత్వంలో కోయిల, ఆస్పత్రిలో పొక్కులు. మశూచి 'గుటి బసంత' అయితే ఆటలమ్మ 'జల బసంత'. తెలుగు పిల్లాడు ఖరగ్‌పూర్‌ బడిలో వసంత రుతువు మీద వ్యాసం రాసి ఇంటికొచ్చి, పక్కింటి అబ్బాయికి బసంత వచ్చిందని వింటే తికమకపడడు. అమ్మవారు అన్న మాటతో పెరిగినవాడికి ఇదేమంత వింత కాదు. వసంతం రాగానే బెంగాలీలు లేత వేపాకు వంకాయతో వేయించి అన్నంలో కలుపుకుంటారు, మునగపువ్వు కూర వండుతారు. బసంత రాకుండా అని చెబుతారు. మనం ఉగాది పచ్చడిలో వేపపువ్వు వేస్తాం. ఖరగ్‌పూర్‌లో వేప పేరు వినిపించే నింపురా అనే రైల్వే వాడ కూడా ఒకటుంది. చెట్టు ఒకటే, రుతువు ఒకటే. ఒకరు ఆకు తింటారు, ఇంకొకరు పువ్వు తింటారు.

బెంగాల్‌లో ఈ జబ్బుకు అధిదేవత శీతల. గాడిద మీద కూర్చుని, ఒక చేత చీపురు, ఇంకో చేత నీళ్ల కలశం, తల మీద చేటతో ఉంటుంది. (ఖరగ్‌పూర్‌లో 'ఖర' విని, సంస్కృతంలో ఖరమంటే గాడిద కదా అని ముడిపెట్టాలనిపిస్తుంది కానీ కుదరదు. స్థానికులు ఆ పేరును ఇందాలోని ఖడ్గేశ్వర శివాలయంతో ముడిపెడతారు.) ఒళ్లు కాల్చే జ్వరాన్ని ఇచ్చే దేవతకు చల్లనమ్మ అని పేరు. పిలుపులోనే ప్రార్థన ఉంది. చల్లగా చూడు తల్లీ అని తెలుగులో మొక్కుకోవడంలోనూ ఇదే తర్కం. భయపడే దాన్ని భయపెట్టే పేరుతో పిలవరు. పామును పురుగు అంటారు. దుకాణం మూసేస్తూ కట్టేస్తున్నామంటారు. దీపం ఆర్పడాన్ని కొండెక్కించడం అంటారు. ప్రాణాలు తీసే జబ్బును అమ్మ అన్నారు.

శీతల బెంగాలీ పల్లెల్లో ఇంత పెద్ద దేవత ఎప్పుడైందన్న ప్రశ్నకు ఖరగ్‌పూర్‌ చుట్టుపక్కల ఊళ్లే సమాధానం చెప్పాయి. అమెరికన్‌ మానవ శాస్త్రవేత్త రాల్ఫ్‌ నికొలస్‌ అప్పటి మేదినీపూర్‌ జిల్లా పల్లెల్లో పరిశోధించి 1981లో ఒక వ్యాసం ప్రచురించారు. శీతల పేరు అంతకు ముందు నుంచీ ఉన్నా, ఊరుమ్మడి దేవతగా ఆమె పూజ బలపడింది 18వ శతాబ్దంలో, మశూచి విజృంభణలు, రాజకీయ అల్లకల్లోలం కలిసిన కాలంలో అన్నది ఆయన వాదన. శీతల మహిమ చెప్పే 'శీతలామంగళ్‌' కావ్యాలు వెల్లువెత్తిందీ అప్పుడే. వాటిలో ప్రసిద్ధమైన ఒకటి రాసిన నిత్యానంద చక్రవర్తి మేదినీపూర్‌ ప్రాంతంలోని కాశీజోడా రాజు ఆశ్రయంలోని కవి. రాజ్యం చేతులు మారుతున్నప్పుడు, పన్నులు ఎవరికి కట్టాలో తెలియనప్పుడు, కరువు వచ్చినప్పుడు జనం తమకు కనిపించే అధికారం ఎక్కడుందో వెతుక్కుంటారు. పొక్కుల రూపంలో ఇంటింటికీ వచ్చే అధికారం కన్నా కనిపించేది ఏముంది? తెలుగు నాట కూడా 1757 నాటి యుద్ధం నుంచే పైడితల్లి కథ పుట్టడం కాకతాళీయమని కొట్టిపారేయలేం. సికింద్రాబాద్‌ ఉజ్జయినీ మహంకాళి గుడి కథలోనూ 1813 నాటి అంటురోగం, సైన్యంలో పనిచేసిన ఓ మనిషి మొక్కు ఉన్నాయని చెబుతారు.

దేవతకు మొక్కినవాళ్లు చేతులు కట్టుకు కూర్చోలేదు. బెంగాల్‌లో 'టీకాదార్లు' అనే వృత్తివాళ్లు ఇంగ్లండ్‌లో జెన్నర్‌ ఆవు పొక్కుతో ప్రయోగం చేసిన 1796కు ముందే మశూచి పొక్కుల రసాన్ని గాటు పెట్టి ఎక్కించేవారు. తేలికపాటి జబ్బు వచ్చి పోతే మళ్లీ రాదని వాళ్లకు తెలుసు. 1767లోనే జె.జెడ్‌. హాల్వెల్‌ అనే ఆంగ్లేయుడు ఈ పద్ధతిని వివరంగా రాశాడు. శీతల పూజ చేయకుండా టీకాదారు గాటు పెట్టేవాడు కాదు. జబ్బు రుతువు ముదరకముందే, ఆహార నియమాలు పెట్టి మరీ గాటు పెట్టేవాడు. ప్రమాదం లేకపోలేదు. ఎక్కించింది అసలు మశూచే కాబట్టి వాళ్ల నుంచి ఇతరులకు అంటుకునేది. 1865లో కలకత్తాలో ఈ పద్ధతిని నిషేధించి, ఆవు పొక్కు టీకాకు పెద్దపీట వేశారు. దేశంలో ఆ కొత్త టీకా తొలిసారి వేసింది 1802 జూన్‌ 14న, బొంబాయిలో ఓ మూడేళ్ల పాపకు.

టీకా అన్న మాట కూడా తక్కువది కాదు. నుదుటి బొట్టు టీకా. ఆ గుర్తు లాంటి మచ్చ పెట్టే వైద్యమూ టీకా. తెలుగు పండితుడికి మాత్రం టీక అంటే పద్యానికి వ్యాఖ్య. బడిలో టీకా తాత్పర్యాలు బట్టీ పట్టినవాడికీ, అదే బడిలో చొక్కా చేయి పైకి లాగి నిలబడ్డవాడికీ భయం ఒకటే!

ఇక అసలు విషయం. 1974లో దేశంలో మశూచి సోకినవారు 1,88,000 మంది, చనిపోయినవారు 31,000 మందికి పైనే. ఆ పరిస్థితి నుంచి ఏడాదిన్నర లోపు, 1975 మేలో చివరి కేసు నమోదయింది. 1977లో భారత్‌ మశూచి రహిత దేశంగా గుర్తింపు పొందింది. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్య మహాసభ భూమి మీద ఈ జబ్బు లేదని ప్రకటించింది. ఈ విజయంలో టీకా మందుది ఎంత పాత్రో, గాలింపుది అంత పాత్ర. 1973 చివర నుంచి లక్షకు పైగా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగారు. అక్కడే భాష అడ్డుపడింది. మీ ఇంట్లో అమ్మవారు ఉందా అని అడిగితే వచ్చే జవాబు మశూచి కావచ్చు, ఆటలమ్మ కావచ్చు, తట్టు కావచ్చు. మాత, దయ, బసంత, అమ్మై... ఏ భాషలోనైనా ఇదే తంటా. దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సులువైనది. మశూచి వచ్చిన ఓ పిల్లాడి ఫోటో అచ్చేసిన కార్డు చేతికిచ్చారు. కార్యకర్త జబ్బు పేరు ఎత్తకుండా బొమ్మ చూపించి, ఇలాంటి వాళ్లను ఎక్కడైనా చూశారా అని అడిగేవాడు. కేసు చూపించినవారికి బహుమతి కూడా పెట్టారు. 1975 నాటికి అది వెయ్యి రూపాయలకు చేరింది, అప్పట్లో చిన్న మొత్తం కాదు.

బొమ్మలో తెలిసే తేడా ఇదీ. మశూచి పొక్కులు ఛాతీ మీద కన్నా ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ. అరచేతుల్లో, అరికాళ్లలోనూ వస్తాయి. ఒకచోట ఉన్నవన్నీ ఒకే దశలో ఉంటాయి. ఆటలమ్మ అయితే ఛాతీ, వీపు మీద ఎక్కువ. ఒకటి ఎండుతుంటే పక్కనే ఇంకోటి పుడుతుంది. తట్టులో నీటి పొక్కులే ఉండవు. ముందు జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్లు, మూడు నాలుగు రోజులకు ముఖం నుంచి కిందికి పాకే ఎర్రటి దద్దు.

మశూచి పోయాక మిగిలిన రెండూ అమ్మవారి పేరునే వారసత్వంగా తీసుకున్నాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. పెద్దమ్మవారు పోయింది, చిన్నమ్మవారు ఉంది అని ఊరుకుంటే సరిపోదు. ఆటలమ్మ పిల్లలకు చాలావరకు దానంతటదే తగ్గుతుంది. గర్భిణులకు, పసికందులకు, పెద్దవయసులో మొదటిసారి వచ్చినవారికి ప్రమాదం కావచ్చు. తట్టు అలా కాదు. సరైన పోషణ లేని పిల్లల్లో అది న్యుమోనియాకు దారితీస్తుంది. విటమిన్‌-ఎ లోపం తోడైతే చూపు పోవచ్చు. దానికి టీకా ఉంది. 1985 నుంచి సార్వత్రిక టీకాల కార్యక్రమంలో ఉంది, 2017 నుంచి రుబెల్లా టీకాతో కలిపి ఇస్తున్నారు. అయినా 2022లో ముంబైలో తట్టు విజృంభించి పిల్లల ప్రాణాలు తీసింది. అమ్మవారికి మందు వాడకూడదు, సూది అసలే వేయించకూడదు అన్న పాత పట్టింపు ఈ మూడో జబ్బు దగ్గరకొచ్చేసరికి ప్రాణాంతకం కాగలదు.

అలాగని వేపమండను వెక్కిరించడం తేలిక. అది అన్యాయం కూడా. గుమ్మానికి మండ కట్టిన ఇంట్లోకి పరాయివాళ్లు రారు, ఆ ఇంటివాళ్లు శుభకార్యాలకు వెళ్లరు. రోగికి విడిగా పక్క, ఉతికిన బట్ట. పోపులు, వేపుళ్లు ఉండవు, చలువచేసే మెత్తటి తిండి పెడతారు. గోకనివ్వరు, వేపరెమ్మతో నిమురుతారు. అన్నిటికన్నా ముఖ్యం, రోగిని తిట్టరు, అసహ్యించుకోరు. లోపల ఉన్నది అమ్మ మరి. 2020లో కొవిడ్‌ సోకినవాళ్లను అపార్ట్‌మెంట్ల నుంచి తరిమిన చదువుకున్నవాళ్ల ప్రవర్తనతో పోలిస్తే ఈ పాత మర్యాద చాలా మేలు. వైద్యుడి దగ్గరికి వెళ్లొద్దన్న ఒక్క ముక్క తీసేస్తే మిగిలిన నియమావళిలో చాలా భాగాన్ని ఏ ఆస్పత్రైనా గోడ మీద రాసుకోవచ్చు.

కొవిడ్‌ కాలమే తెలుగు పత్రికలకు పాత మాటొకటి తిరిగి తెచ్చింది. 'మహమ్మారి'. అధికారిక ప్రకటనల నుంచి టీవీ స్క్రోలింగుల దాకా అందరూ వాడిన ఈ మాట కూడా ఒక అమ్మవారి పేరే. ప్రళయకాలంలో దేవి మహామారి రూపం ధరిస్తుందని దేవీ మాహాత్మ్యంలో ఉంది. శాస్త్రీయంగా రాస్తున్నామనుకుంటూ ఏడాదిన్నర పాటు పతాక శీర్షికల్లో దేవత పేరే అచ్చేశామన్నమాట. బీహార్‌, అస్సాం, బెంగాల్‌లలో కొందరు మహిళలు 2020 జూన్‌లో 'కరోనా మాత'కు లడ్డూలు, లవంగాలు, పూలు పెట్టి పూజ చేస్తే అదే పత్రికలు మూఢనమ్మకమని రాశాయి. ఇక పేరు వల్ల ఒక జబ్బుకు మచ్చ పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థే గుర్తించి 2022 నవంబరులో మంకీపాక్స్‌ను ఎంపాక్స్‌గా మార్చింది. కోతి పేరు తీసేయడానికి జెనీవాలో సంప్రదింపులు అవసరమయ్యాయి. పొక్కుల జబ్బుకు మర్యాదగల పేరు పెట్టడంలో మన పల్లెలు కొన్ని శతాబ్దాలు ముందున్నాయి.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్‌ తెలుగువాళ్ల సంఖ్యాబలమే దానికి ప్రధాన కారణం. టీకా ప్రచార పత్రాలు ఇక్కడ తెలుగులో వేయాల్సి వస్తే రాసేవాళ్లకు మొదటి చిక్కు ఈ మాటతోనే. 'తట్టు' అంటే నాలుగో తరం రైల్వే పిల్లలకు అర్థం కాకపోవచ్చు. 'మీజిల్స్‌' వాళ్ల నాయనమ్మలకు అర్థం కాదు. అమ్మవారు అని రాస్తే ఇద్దరికీ అర్థమవుతుంది, కానీ ఏ అమ్మవారో తేలదు. 1973లో లాగా ఫోటో పెట్టడమే మేలేమో.

ఝపటాపూర్‌ ఇళ్లలో జబ్బు తగ్గి నీళ్లు పోసిన రోజున గుమ్మానికి కట్టిన వేపమండ తీసేస్తారు. దాన్ని చెత్తకుండీలో వేయరు. ఏదో చెట్టు మొదట్లోనో, చెరువులోనో వదిలి వస్తారు. ఆ బిందె ఎత్తి పోసే పెద్దావిడ చేతి మీద గుండ్రటి పాత మచ్చ ఒకటి ఉంటుంది, 1970ల నాటి టీకాది. ఆమె ఆ మచ్చనూ అమ్మవారనే అంటుంది.